మూడో దెబ్బ తర్వాత

మూడు కొట్టుకుని ఒకటి మింగేస్తోంది.
నా వేళ్ల కింద తెలెస్ఫోరో మణికట్టు.
మూడు, ఆపైన ఒక ఖాళీ,
మెట్టుందనుకుని చీకట్లో కాలు దింపినప్పటి ఖాళీ.
తర్వాత ఆలస్యానికి నొచ్చుకున్నట్టు
ఒక్కటి, గట్టిగా.

ఐకిలేలో ఆయన చేసిన చరాంగోకి
పది తీగలూ ఒక్క మాట మీద ఉంటాయి.
వెంట్రుకవాసి శ్రుతి జారితే
పక్కగదిలోంచే "రెండో జత!" అని కేకేస్తాడు.
అలాంటి మనిషి
రెండు నెలలుగా తన లోపలి తాళం తప్పుతోందని
ఎవరికీ చెప్పలేదు.
మొన్న సంతలో కళ్లు తిరిగి
బంగాళాదుంపల బస్తాల మీద పడితే తెలిసింది.

కారణాలు ఆయనకంటే ముందే వచ్చి
గదిలో బల్ల మీద కూర్చున్నాయి.
భార్య ఎఫ్రాసియా అంటుంది: కోపం.
చెక్క బాకీ కోసం తమ్ముడి కొడుకుతో
గొడవపడ్డ రోజు నించీ ఇంతే.
కూతురు బెనిగ్నా అంటుంది: చిచా.
ఆదివారం మొక్కజొన్న కల్లు కుండ
సోమవారానికి బోర్లా పడుంటుందట.
తలుపు దగ్గర పొరుగావిడ గొంతు తగ్గించి:
"జడుపు. ఆ రాత్రి లోయలో గుర్రం బెదిరింది కదా,
ప్రాణం అక్కడే జారిపోయింది.
వెళ్లి పేరు పెట్టి పిలుచుకు రావాలి."

నా కాగితంలో ఇంకో పట్టీ.
థైరాయిడ్. రక్తంలో పొటాషియం. కాఫీ.
చాలని నిద్ర. పాత కీళ్లజ్వరం.
అడిగినవన్నీ ఆయన
వేలితో కొట్టి చూసి పక్కన పెట్టాడు,
డొల్ల పలికే చెక్కముక్కల్లా.

ఛాతీ మీద ఆరు తగిలించాను,
చేతులకీ కాళ్లకీ నాలుగు.
"పది. సరిపోయాయి" అని నవ్వాడు.

కాగితం జరజరా బయటికొచ్చింది.
ఈ గీత నాకు కొత్త కాదు.
ఈ లోయలో దీనికో చేతిరాత ఉంది.
అందుకే పట్టీలో లేని ప్రశ్న అడిగాను:
"చిన్నప్పుడు ఏ ఇంట్లో పడుకునేవారు?"

నవ్వు ఆగింది.
మట్టి ఇటుకల గోడ, గడ్డి కప్పు.
ఒకే గొర్రెతోలు మీద తనూ, అన్న ఇసిద్రో.
దీపం ఆర్పాక పైనించి
వించుకా పురుగులు రాలే చప్పుడు,
టప్, మళ్లీ టప్.
కుట్టినట్టే తెలిసేది కాదు, తెల్లారాక దురద.
ఓసారి ఒక కన్ను
మగ్గిన అంజూరంలా వాచింది.
అమ్మ కోకా ఆకు నమిలి కట్టింది.
మూడు వారాల్లో తగ్గింది.
"తగ్గింది కదా?" అని నన్నడిగాడు,
యాభై ఏళ్ల తర్వాత.

ఇసిద్రో ముప్పై ఎనిమిదికే
నాగలి పిడి వదలకుండా ఒరిగిపోయాడు.
పిడుగన్నారు.
ఆ రోజు ఆకాశం తేటగా ఉంది.

"ఆ ఇల్లిప్పుడు లేదుగా!" అంది బెనిగ్నా,
కోర్టులో ప్లీడరులా.
నిజమే. తొంభై ఎనిమిది భూకంపానికి కూలింది.
గోడా పురుగులూ కలిసి మన్నయ్యాయి.
ఇప్పుడున్నది సిమెంటు పూత, రేకుల కప్పు.
కానీ అంతకు ఎన్నో ఏళ్ల ముందే
పగుళ్లలో ఉన్నది ఈయనలోకి కాపురం మార్చింది.
అద్దె ఇవ్వకుండా, అలికిడి లేకుండా
ఒక్కో తీగనీ కొరుక్కుంటూ కూర్చుంది.

ముందు రక్తపరీక్ష అన్నాను. తర్వాత కొచబాంబా.
అగ్గిపెట్టెంత యంత్రం, చర్మం కింద,
గుండె లెక్క మర్చిపోయినప్పుడు అందిస్తుంది.
ఆయన వింటున్నాడో లేదో.
కాగితం తీసుకుని గీత మీద
బొటనగోరు నడిపించాడు.
కొండ, కొండ, కొండ, బయలు.
బయలు దగ్గర ఆగాడు.
"ఇక్కడ" అన్నాడు,
"ఇక్కడ అన్న అటు తిరిగి పడుకునేవాడు."

ఎవరూ మాట్లాడలేదు.
ఎఫ్రాసియా లేచి, శాలువా పక్కకి తీసి
చొక్కా చెయ్యి పైకి మడుచుకుంది.
"మాదీ మట్టిల్లే" అంది.